సంతకం చేసిన ఖాళీ కాగితాలు

మా పెదనాన్న శాసనసభ్యుడిగా ఉన్న కాలంలో ఆయన సంతకాలు నా ట్రంకుపెట్టెలో ఉండేవి. పైన ఆయన పేరూ నియోజకవర్గమూ అచ్చువేసిన తెల్ల కాగితాలు, కింద కుడివైపు సంతకం, మధ్యలో అంతా ఖాళీ. వాటిని పాత పరికిణీ గుడ్డలో చుట్టి పుస్తకాల అడుగున పెట్టి, తాళంచెవి మెడలో గొలుసుకు తగిలించుకునేదాన్ని. స్నానానికి వెళ్ళినా తీసేదాన్ని కాదు. ఆ ఖాళీలో ఎవరు ఏం రాసినా అది పెదనాన్న రాసినట్టే. ఎవరి భూమో ఎవరికో ఇమ్మని రాయొచ్చు, ఎవరినో ఉద్యోగంలోంచి తీసెయ్యమని రాయొచ్చు. ఇంట్లో ఎలుక కదిలినా నాకు ముందు ఆ పెట్టే గుర్తొచ్చేది.

మేం ఊరిగాంలో బంగారు గని క్వార్టర్సులో ఉండేవాళ్ళం, ఇప్పుడూ అక్కడే ఉన్నాం. నాన్న గని ఆఫీసులో గుమాస్తా. ఆయన అన్న, అంటే మా పెదనాన్న, మాస్తి దగ్గర ఒక పల్లెకు ఇల్లరికం వెళ్ళి అక్కడే సేద్యం చేసుకుంటున్నాడు. రాగులు, చింతచెట్లు, రెండు జతల ఎద్దులు. ఊళ్ళ మధ్య దారి తగువు ఒకటి ఆయన తీర్చాడని చుట్టుపక్కల పల్లెలవాళ్ళు ఆయన్నే ఎన్నికలకు నిలబెట్టారు. ఓట్లు లెక్కపెట్టిన రోజు ఆయన అక్కడ లేడు. గెలిచావని చెప్పడానికి జనం పల్లెకు వెళ్తే మడికి నీళ్ళు కడుతున్నాడట. కాలువ తెగుతుంది, ఈ మడి నిండినాక వస్తానని వాళ్ళను గట్టు మీద కూర్చోబెట్టాడట.

బెంగళూరులో సభ జరిగినన్ని రోజులూ సభ్యుల వసతిగృహంలో ఉండేవాడు. అక్కడి అన్నం పడదని రాగిపిండి మూట వెంట తీసుకెళ్ళి, గదిలోనే స్టవ్ మీద సంగటి గెలుక్కునేవాడు. సభలో వెనక బెంచీ. మొదటి రెండేళ్ళలో ఆయన లేచి మాట్లాడింది రెండుసార్లు: ఒకసారి పశువుల నోటికీ గిట్టలకూ వచ్చే గాళ్ళజబ్బు గురించి, ఒకసారి మాస్తికి సాయంత్రం బస్సు గురించి. బస్సు వచ్చింది. ఆ రెండుసార్లూ ఏం మాట్లాడావని నాన్న అడిగితే నవ్వేసి, "లేచి నిలబడినాను, అంతే తెలుసు. తెల్లచొక్కాలోళ్ళంతా తిరిగి చూసినారు. ఇంగ నోరే కదిలిందో, కాళ్ళే కదిలినాయో" అన్నాడు.

శనివారం శనివారం మా ఇంటికి వచ్చేవాడు. మాలూరులో రైలెక్కి, బంగారుపేటలో గనుల రైలు మారి, తొమ్మిది కాకుండానే మా వరండాలో ఉండేవాడు. ఆయన పల్లెలవాళ్ళు ఎంతోమంది గనుల్లో పనిచేసేవాళ్ళు, వాళ్ళంతా అక్కడికి వచ్చేవాళ్ళు. తెల్లదొరల కాలంలో పల్లెటూరి మెంబరు కాగితం గేటు దాటేది కాదని నాన్న చెప్పేవాడు. గనులు సర్కారు చేతికి వచ్చాక ఎమ్మెల్లే కాగితం అంటే పెద్ద ఆఫీసర్లు కూడా చదివి పక్కన పెట్టకుండా ఏదో ఒకటి చేస్తున్నారట. ఆ మాట నాన్న గర్వంగా చెప్పేవాడు. నేను వినగానే మెడలో తాళంచెవి తడుముకునేదాన్ని, ఎందుకంటే ఆ కాగితాలు రాసేది నేను.

మా పద్ధతి ఇది. పెదనాన్న వరండాలో బల్ల మీద కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు మెట్ల మీద. నేను లోపల, కిటికీ పక్కన, ఒళ్ళో అట్ట పెట్టుకుని. వాళ్ళు చెప్పింది విని పెదనాన్న రెండు ముక్కలు తెలుగులో చెబితే, నేను ఇంగ్లీషులోనో కన్నడంలోనో రాసి కిటికీ ఊచల మధ్యనుంచి ఇచ్చేదాన్ని. బయటికి వచ్చేదాన్ని కాదు. కొత్తవాళ్ళు గుమ్మంలోకి వస్తేనే లోపలి గదిలోకి తప్పుకునేదాన్ని. నన్ను కిటికీలో అమ్మాయి అని పిలిచేవాళ్ళు.

సంతకం మాత్రం ఆయన అందరి ముందూ చేసేవాడు కాదు. పల్లెలో భోజనమయ్యాక, పెద్దమ్మ కూడా పడుకున్నాక, ఒక్కడే కూర్చుని నెలకు సరిపడా కాగితాల మీద సంతకాలు చేసి తెచ్చి నాకిచ్చేవాడు. ఎందుకని నేను అడగలేదు. ఇచ్చేటప్పుడు ఒకే ఒక నియమం చెప్పాడు. "నేను లేనప్పుడు ఎవరికైనా ఆస్పత్రికో, బడికో తొందరగా కావలసి వస్తే రాసివ్వు, కానీ ఎవరి గురించి రాస్తామో ఆ మనిషి మన ఎదురుగా నిలబడి నోటితో అడగాల" అన్నాడు. అన్న అడిగినాడని తమ్ముడికీ, మొగుడు అడిగినాడని పెండ్లానికీ రాయకూడదు.

ఒక బుధవారం అమ్మ బజారుకు వెళ్ళింది. కిటికీ దగ్గర ఒకామె వచ్చి నిలబడింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. మాస్తి పక్క పల్లె నుంచి పెళ్ళై ఇక్కడికి వచ్చింది. కడుపుతో ఉంది, ఐదో నెల. భర్త గని లోపల, చాలా లోతున పనిచేస్తాడు. అంతకు ముందు నెల వేరే షాఫ్టులో, గనిలోకి దిగే ఇంకో బావిలో, బరస్ట్ అయింది. లోపల రాయి ఒత్తిడికి పగిలి ఎగిరిపడితే దాన్ని ఇక్కడ బరస్ట్ అంటారు. పైన మా ఇళ్ళలో గిన్నెలు కదుల్తాయి. ఆ రోజు నుంచీ ఆమెకు నిద్ర లేదట. భర్తను గని బయట పైపనికి మార్చమని కాగితం కావాలంది.

ఆయన్ని రమ్మను అని చెప్పాలి నేను. ఆ మాట గొంతులో తయారు చేసుకుంటున్నాను.

"ఆయప్ప రాడమ్మా. అడిగినానని తెలిస్తే నన్ను చంపేస్తాడు. నువ్వు రాసిచ్చేయ్, నీకు పుణ్యం ఉంటాది. నిద్రలో కూడా నాకు ఆ చప్పుడే ఉండాది."

ఆమె ఊచలు పట్టుకుంది. కాదు అని నోటితో చెప్పడం కంటే అవును అని కాగితం మీద రాయడం నాకు సులువు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. పెట్టె తెరిచి ఒక కాగితం తీసి, అతని పేరూ నంబరూ ఆమె చెబితే మూడు వాక్యాలు ఇంగ్లీషులో రాశాను. వాక్యాలు బాగా కుదిరాయని కూడా అనుకున్నాను. ఆమె కాగితాన్ని కొంగులో ముడేసుకుని గోడవారగా వెళ్ళిపోయింది.

ఆ శనివారం పెదనాన్నకు చెబుదామనుకున్నాను. ఆయన జ్వరంతో వచ్చాడు. తర్వాతి శనివారం వరండా నిండా జనం. మూడో శనివారానికి చెప్పాల్సిన మాటకు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్న మాట కూడా చేరింది. రెండూ కలిపి చెప్పే ధైర్యం నాకు లేదు.

నాలుగో వారంలో ఆమె భర్త వచ్చాడు. అమ్మ వరండాలో బియ్యం ఏరుతోంది. నేను తలుపు వెనక నిలబడ్డాను. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. అమ్మతో మర్యాదగానే మాట్లాడాడు, దానికే నాకు ఎక్కువ భయం వేసింది. తనను పైన కట్టెలు పేర్చే యార్డులో వేశారనీ, గ్యాంగులో వాళ్ళంతా గాజులు తొడుక్కోమని ఎగతాళి చేస్తున్నారనీ చెప్పాడు. తను ఏ కాగితమూ అడగలేదన్నాడు. అమ్మకు ఏమీ అర్థం కాలేదు. అడిగిచెబుతాలే నాయనా అంది. అతను వెళ్ళబోతూ గేటు దగ్గర ఆగి అన్నాడు:

"నా సంగతి పోనీలేమ్మా. యార్డులో ఉన్నోడు మా ఊరోడే, పొడుగాటోడు. వాణ్ణి తీసి నా జాగాలో కిందికి ఏసినారు. వాడికి లోపలి పని కొత్త. ఆ కాగితం రాసినోళ్ళకు ఇది తెలుసునా?"

తెలియదు. కాగితం ఒక మనిషిని పైకి తెస్తుందని మాత్రమే అనుకున్నాను. ఆ ఖాళీలోకి ఇంకో మనిషి దిగాలని నాకు తట్టలేదు. ఆ కాగితం సంగతి నాకు తెలియదని అమ్మతో అబద్ధం చెప్పాను. అమ్మ నమ్మింది, పెదనాన్నను నేనే అడుగుతానంటే ఆ సంగతి నాకే వదిలేసింది. నేను అంత భయస్తురాలినని అందరికీ నమ్మకం.

ఆ పొడుగాటి మనిషిని కనిపెట్టడం కష్టం కాలేదు. మొదటి షిఫ్టుకు మా వీధిలోంచే వెళ్ళేవాడు. సైకిలుకు చెయిన్ కవరు వదులై గలగలమనేది. క్యారియర్‌కు టిఫిన్ డబ్బా. వెళ్ళేటప్పుడు ఈల వేసేవాడు. మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు వేసేవాడు కాదు. మూడు గంటలకు నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. ఒక్క పేజీ కూడా తిరిగేది కాదు. గలగల వినిపిస్తే డైరీ తెరిచి ఆ రోజు కింద ఒక్క మాట రాసేదాన్ని: వచ్చాడు. చిన్నప్పటి నుంచీ డైరీలో పేజీలకు పేజీలు నింపే అలవాటు నాకు. ఆ నెలన్నర ఇంకేమీ రాయలేదు. వచ్చాడు. వచ్చాడు. ఒక రోజు పావుగంట ఆలస్యమైతే అమ్మ ఇచ్చిన కాఫీ ముట్టలేదు. అమ్మ ఏదో పడనిది తిన్నాననుకుని వాము నమిలించింది.

శనివారం, పది గంటల వేళ. పెదనాన్న వరండాలో ఒక ముసలాయన చెప్పేది వింటున్నాడు. ఆయన ఆవును పశువుల డాక్టరు చూడకుండానే చూశానని రాసుకుపోయాడట. నేను కాగితం మీద తేదీ వేస్తున్నాను. నేల ఒక్కసారి కిందనుంచి తన్నింది. కలం పక్కకు పోయింది. అలమరలో గ్లాసులు ఒకదాన్నొకటి కొట్టుకుని రెండు కింద పడ్డాయి. పెంకుల్లోంచి దుమ్ము సన్నగా రాలి నా కాగితం మీద పడింది. తర్వాత ఏ శబ్దమూ లేదు. వీధిలో కుక్కలు కూడా అరవలేదు. ఇక్కడ పుట్టినవాళ్ళకు ఆ నిశ్శబ్దం తెలుసు. అందరూ ఎవరో ఒకరి గురించి ఆలోచించుకునే సమయం అది.

నాన్న సైకిల్ మీద ఆఫీసు నుంచి వచ్చి ఏ షాఫ్టో చెప్పాడు. పెదనాన్న తువ్వాలు భుజాన వేసుకున్నాడు, తన పల్లెలవాళ్ళు అందులో చాలామంది ఉన్నారని. నేను తలుపు దాటి వరండాలోకి వచ్చి, నేనూ వస్తానన్నాను. మా ఇంట్లో నేనెప్పుడూ ఎక్కడికీ వస్తానని అడగలేదు. పెదనాన్న నా ముఖం చూసి తల ఊపాడు.

షాఫ్టు దగ్గర కంచె బయట జనం. ఎవరూ ఏడవడం లేదు, గట్టిగా మాట్లాడటం లేదు. అందరి తలలూ పైకే ఉన్నాయి. షాఫ్టు మీద ఎత్తున పెద్ద చక్రం ఉంటుంది. మనుషులను దింపి ఎక్కించే కేజ్ కదిలితే అది తిరుగుతుంది. ఆ చక్రం ఆగి ఉంది. దాన్ని చూస్తూ నిలబడ్డాం. ఎండ నెత్తికెక్కింది. నా పక్కన ఒకావిడ నేల మీద కూర్చుని చీపురుపుల్ల చిన్న చిన్న ముక్కలుగా విరుస్తోంది. ఎవరో ఆమెతో, మీ పొడుగాయన గట్టివాడు, ఏమీ కాదు అన్నారు. నేను పక్కకు జరగాలనుకున్నాను. ఆ పుల్లముక్కలు చూస్తూ అక్కడే నిలబడ్డాను.

అప్పుడు జనంలోంచి నాతో కాగితం రాయించుకున్నామె వచ్చింది, ఏడో నెల పొట్టతో, చేతిలో కొబ్బరికాయతో. నన్ను చూసి నేరుగా వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. వద్దు, ఇక్కడొద్దు అని నాకు లోపల అరుపు.

"నువ్వు రాసిన కాగితమే తల్లీ కాపాడినాది. లేకుంటే ఈ పొద్దు మా ఆయప్ప ఆడనే ఉండును. నువ్వు చల్లగా ఉండాల."

పెదనాన్న నా వైపు తిరిగాడు. నేల మీద కూర్చున్నావిడ పుల్ల విరవడం ఆపింది. లేవలేదు, గొంతు పెంచలేదు. కింద నుంచి నన్ను చూస్తూ అడిగింది:

"అట్లయితే మావోణ్ణి కిందికి దింపినది కూడా నువ్వేనా అమ్మా? మీ కాగితానికి ఒకరు పైకి, ఒకరు కిందికా?"

చుట్టూ ఉన్న పదిమందీ నా వైపు చూశారు. పెదనాన్న నాకూ ఆమెకూ మధ్యకు వచ్చి పంచె మడిచి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"బిడ్డ కాదమ్మా. సంతకం నాది. అడగాల్సింది నన్ను అడుగు."

ఆమె మళ్ళీ పుల్ల విరవడం మొదలుపెట్టింది. పెదనాన్న లేవకుండా అక్కడే కూర్చున్నాడు. శాసనసభలో తెల్లచొక్కాలు తిరిగి చూస్తే కాళ్ళు వణికిన మనిషి, అంతమంది ఎదుట, ఎండ వాలేదాకా ఆ దుమ్ములో ఆమె ఎదురుగా కూర్చునే ఉన్నాడు. కొబ్బరికాయ ఆమె కూడా వెళ్ళలేదు. కాయ కొట్టకుండా చేతిలోనే పట్టుకుని కంచె పక్కన నిలబడింది.

చక్రం తిరిగింది. మొదటి కేజ్‌లో వచ్చినవాళ్ళలో ఆ పొడుగాటి మనిషి లేడు. రెండోదానిలో లేడు. మూడోదాంట్లోంచి ఇద్దరి మధ్య వేలాడుతూ దిగాడు. మనిషంతా బూడిద రంగు, కుడిచేయి వంకరగా ఉంది, కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి. అతని భార్య లేచి పరిగెత్తింది. అంబులెన్సు దగ్గర అతను ఆమెతో ఏదో అన్నాడు. తర్వాత తెలిసింది, సైకిలు స్టాండులో ఉందని చెప్పాడట.

ఆ రోజు ప్రాణాలతో పైకి రానివాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ గురించి మేం ఏ కాగితమూ రాయలేదు. అయినా ఆ ఇద్దరి ఇళ్ళ ముందు నుంచి నేను ఇప్పటికీ నడవను.

ఇంటికి వచ్చాక పెదనాన్న చేతులు కడుక్కుని పెట్టె తెరవమన్నాడు. మిగిలిన కాగితాలన్నీ తీసుకుని నీళ్ళపొయ్యి దగ్గర కూర్చుని ఒక్కొక్కటే మంటలో పెట్టాడు. ఎందుకు చెప్పలేదని అడిగాడు. భయమేసిందన్నాను. ఇంకో కాగితం మంటలో పెట్టాడు.

"నాకు మాత్రం లేదా? అందరి ముందర సంతకం చేసేదానికి నాకు భయం. నా పేరు రాసేలోపల నువ్వు పేజీ రాస్తావు. ఎమ్మెల్లేకి చెయ్యి తిరగదని నవ్వుతారని ఇంట్లో దొంగలాగా చేసి తెచ్చినాను. నా భయం నీ పెట్టెలో పెట్టినాను."

తర్వాతి శనివారం నుంచి ఆయన వరండాలో అందరి ఎదుటా తనే కన్నడంలో రాయడం మొదలుపెట్టాడు. పెద్ద పెద్ద అక్షరాలు, వంకర వరసలు, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని. పొద్దుటినుంచీ రాస్తే నాలుగు కాగితాలు. కాలేజీ చదివిన ఒకతను ఒకసారి మెట్ల మీద నవ్వాడు. పెదనాన్న తలెత్తి, "దున్నుతా ఉండాను అప్పా, సాలు వంకరైనా పంట వస్తాది" అని మళ్ళీ వంగాడు. నన్ను బయట పక్కన కూర్చోమనేవాడు, కాగితం గాలికి ఎగరకుండా పట్టుకోవడానికి. అందరి ఎదుటా అలా కూర్చోవడానికి మొదట్లో నాకు చెమటలు పట్టేవి.

పొడుగాటి మనిషి చేయి పూర్తిగా అతకలేదు. అతనికి లాంపులు ఇచ్చే గదిలో పైపని ఇచ్చారు. రెండు నెలలకు ఆ పొట్టి మనిషి వచ్చాడు. తనను మళ్ళీ కిందికి పంపమని కాగితం అడిగాడు. పెదనాన్న చాలా చెప్పి చూశాడు. కట్టెలు పేర్చేదానికి ఊరు విడిచి రాలేదన్నాడు అతను. అయితే నీ పెండ్లాన్ని కూడా తీసుకురా, ఇద్దరూ నా ఎదురుగా నిలబడండి అన్నాడు పెదనాన్న.

ఆమె పసిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. భర్త అడిగాడు. ఆమె వద్దనలేదు, సరేననలేదు. నీ మాట చెప్పమ్మా అని పెదనాన్న రెండుసార్లు అడిగితే, ఆయప్ప ఇంట్లో నవ్వి మూణ్ణెల్లు దాటినాది, రాసిచ్చేయండి అంది. పెదనాన్న రాయడం మొదలుపెట్టాడు. కాగితం అంచు నేను పట్టుకున్నాను. ఆమె నన్నే చూస్తోంది. కోపం లేదు ఆ చూపులో. ఆ రోజు కిటికీ ఊచలు పట్టుకున్నప్పటి చూపే. ఆయన కలం ఒక్కో అక్షరం దగ్గర ఆగుతోంది, నాకు చాలా సమయం దొరికింది. చివరికి నోరు తెరిచాను.

"రోజూ చూస్తా ఉంటాను అక్కా."

అంతే అనగలిగాను. ఆమె తల ఊపింది.

పెదనాన్న రెండోసారి ఎన్నికలకు నిలబడలేదు. ఇప్పుడు మళ్ళీ ఎద్దులూ రాగులూ. నా డైరీలో మాత్రం ఆ పొట్టి మనిషి మళ్ళీ కిందికి దిగిన ఏడాది చివరిదాకా ఒకటే మాట ఉంది: వచ్చాడు. ఒక్క తేదీ కింద ఖాళీ. ఆ రోజు మూడున్నర దాటినా ఆ పొట్టి మనిషి మా వీధిలోకి రాలేదు. నాలుగయింది. నేల కదిలిన గుర్తు లేదు, సైరన్ లేదు, అయినా చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ళ లైనుకు పరిగెత్తాను. అంత దూరం ఒంటరిగా వెళ్ళడం అదే మొదలు. గుమ్మం ముందు, ఆ రోజు పనికే పోలేదన్నట్టు, అతని బూట్లు తలకిందులుగా ఎండకు ఆరబెట్టి ఉన్నాయి. లోపల బిడ్డను ఆడిస్తున్న మగగొంతు వినిపిస్తోంది. ఆమె పంపు దగ్గర నన్ను చూసి, బిందె అక్కడే వదిలి వచ్చి, నా కాళ్ళ వైపు చూసి, కడుక్కోమని చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.